ఓరుగల్లు వీథిలో విద్యుచ్చాపము

ఇనుమును ఇనుముతో అతుకుట మన కమ్మరులకు క్రొత్త విద్య కాదు. రెండు ముక్కలను కొలిమిలో తెల్లగా కాల్చి, దాగలిపై చేర్చి, సమ్మెటతో మోది ఏకము చేయుట తెలంగాణపు పల్లెలలో తరతరములుగా జరిగిన పనియే. కోనసముద్రము వంటి గ్రామములలో తయారైన ఉక్కు పారశీక దేశమునకు పోయి కత్తులుగా మారెను. ఆ కొలిమి గుణమొకటి గమనింపదగియున్నది. అది తన వేడిని దాచదు. దగ్గరకు పోయిన చేయి తానే వెనుకకు వచ్చును. కమ్మరి కొడుకు నేర్చుకొనవలసిన జాగ్రత్తలో సగము నిప్పే నేర్పెడిది.

వెల్డింగు షెడ్డులో వెలుగు విద్యుచ్చాపమునకు ఈ గుణము లేదు. దాని చరిత్రయే అందుకు సాక్ష్యము. 1801లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రిట్టరు కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను గుర్తించెను. ఆ కాలముననే ఇంగ్లండులో హంఫ్రీ డేవీ రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుచ్చాపమును వెలిగించి చూపెను. ఈ రెంటికిని గల సంబంధము చాలకాలము ఎవరికిని తట్టలేదు. 1858లో పారిసు వైద్యుడు షార్కో, విద్యుత్కాంతితో ప్రయోగములు చేసిన ఇద్దరు రసాయనజ్ఞులకు ముఖము కమిలి, కండ్లు మండిన ఉదంతమును ప్రకటించి, అందుకు కారణము వేడి కాదనియు, కనబడని కిరణములేననియు తెలిపెను. అప్పటికి చాపముతో అతుకు విద్య పుట్టనే లేదు. ఇరువదియేండ్లకు పైగా గడచిన పిదపగాని రష్యా సామ్రాజ్యమునకు చెందిన బెనార్డోసు ఆ పని మొదలుపెట్టలేదు. 1888లో స్లావ్యానోవు బొగ్గునకు బదులు లోహపు కడ్డీని వాడెను. 1907లో స్వీడను దేశీయుడు చెల్‌బెర్గు ఆ కడ్డీకి పూత పూసెను. నేడు మన వీథులలో కాలు రాడ్డు దాని సంతతియే.

చాపము వేడి సుమారు 6000 డిగ్రీల సెంటిగ్రేడు. దాని కిరణములు కంటిపాప ముందున్న పారదర్శకమగు పొరను కాల్చును. కాలినట్లు ఆ క్షణమున తెలియదు. ఆరు గంటలో పండ్రెండు గంటలో గడచి, పని ముగిసి, నిద్రపోయిన పిదప కంటిలో ఇసుక పోసినట్లు మంట పుట్టును. నా బాల్యమున హనుమకొండలో మా యింటి ప్రక్క షెడ్డున పనికి కుదిరిన పదునైదేండ్ల బాలుడు అర్ధరాత్రి లేచి ఏడ్చుట నాకింకను జ్ఞాపకమున్నది. వాని తల్లి కండ్లపై బంగాళాదుంప చక్రములు పెట్టి గుడ్డ కట్టెను. చల్లదనము కొంత ఊరట నిచ్చునేమో గాని అది మందు కాదు. సామాన్యముగా ఈ మంట ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గుటయే దీని మోసము. తగ్గినది గదా యని ఆ బాలుడు మూడవనాడు మరల షెడ్డునకు పోయెను.

మన దేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము ఈ ప్రమాదములను గుర్తింపకపోలేదు. మితిమీరిన వెలుగుచే కంటికి హాని కలుగు పనులలో తెరలో, తగిన కద్దములో ఉండవలెనని నియమించు అధికారమును దాని 35వ సెక్షను ప్రభుత్వములకిచ్చెను. మండెడి పదార్థమున్న పీపాను, లోపలి ఆవిరిని సైతము తొలగించు ఏర్పాట్లు చేయక, వెల్డింగు చేయరాదని 37వ సెక్షను శాసించెను. 1934లో వెలసి 2002లో మూతపడిన ఆజంజాహి మిల్లు వంటి చోట్లకు ఆ మాటలు సరిపోయినవి. విచిత్రమేమనగా, కాజీపేటలో వలె రైలింజనులు నిలుచు షెడ్డులను ఆ చట్టమే తన నిర్వచనమునుండి తప్పించెను. వానికి రైల్వేవారి కట్టుబాట్లు వేరు. ఇక వీథిలోని చిన్న షెడ్డు మాట? ఆ చట్టము ప్రకారము కరెంటుతో నడచు చోట పదిమంది పనివారున్నగాని సాధారణముగా అది కర్మాగారమయ్యెడిది కాదు. 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 20కి పెంచెను. గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టరు ట్రాలీలు అతుకు మన షెడ్డులలో ముగ్గురుండుటయే గొప్ప.

ఆ ముగ్గురు నిర్లక్ష్యపరులని నేననను. చేతితో పట్టుకొను నల్లకద్దపు స్క్రీను ఒక చేతిని ఆక్రమించును. రెండవ చేత హోల్డరుండును. ఇనుప ముక్కను కదలకుండ పట్టువారెవరు? అందువలన స్క్రీను మేకుకు వ్రేలాడును, కన్ను మూసి రాడ్డు తగిలింతురు. తలకు తగిలించుకొను హెల్మెటు ఈ చిక్కును తీర్చును. దానిలో 10 లేక 11వ సంఖ్య కద్దముండవలెను. బజారులో దొరకు ఎండకద్దములు చాలవు.

కంటికన్న వేగముగ ప్రాణము తీయునది కరెంటు. రాడ్డు కొన వద్ద వోల్టేజి 80కి అటునిటు. ఇంటి కరెంటులో మూడవవంతే గదా యని ధీమా. పొడి చేతొడుగున్నంతవరకే అది చెల్లును. ఓరుగల్లు మే నెలలో, రేకుల షెడ్డు క్రింద, చెమటతో తడిసి ఇనుప చట్రముపై మోకాళ్లూనినవానికి చర్మమిచ్చు రక్షణ చాలవరకు నశించును. పైగా చాపము వెలుగునపుడు వోల్టేజి 20, 30కి దిగును; అది ఆరినప్పుడే, అనగా రాడ్డు మార్చునప్పుడే, మరల పూర్తిగా లేచును. తడిచేతితో రాడ్డు మార్చువాడు సరిగా ఆ క్షణమునే చేయి పెట్టుచున్నాడు. యంత్రపు పెట్టెకు ఎర్తు లేనిచో 415 వోల్టుల భయమింకొకటి.

పొగను గూర్చి ఒక్క మాట. జింకుపూత రేకులను అతికిననాటి రాత్రి వచ్చు చలిజ్వరము పనివారందరికిని పరిచయమే. 2017లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ వెల్డింగు పొగను మానవులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చినదను సంగతి మాత్రము షెడ్డులకు చేరలేదు.

ఆ బాలుడిప్పుడు ములుగు రోడ్డున ఒక షెడ్డుకు యజమాని. మొన్న పోయి చూచితిని. పనివాని తలకు హెల్మెటున్నది. రోడ్డువైపు నిలువెత్తు రేకుతెర యొకటి నిలిపియున్నది. ఎందుకని అడిగితిని. "బడిపోరగాండ్లు నిలబడి చూస్తరన్నా," అనెను.