వర్తకుల విద్యానిధి : కొంత చరిత్ర, కొంత పాఠం

సంచికలో చరిత్ర వ్యాసం అనగానే నవాబులు, కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ఈసారి నేను రాయబోయేది తూకం రాళ్ల చరిత్ర, చిట్టా ఆవర్జాల చరిత్ర. వర్తకులు సంఘం కట్టుకొని, తమ వ్యాపారంలో నుంచి కొంత తీసి, పేద పిల్లలను కాలేజీ దాకా ఎట్లా నిలబెట్టినారు అన్నదే ఇందులో విషయం.

ఇది మనకెందుకు అంటారా? ఇరవై ఏండ్లుగా నేను బడిలో పాఠం చెప్తున్నాను. మన పిల్లలు పదో తరగతి దాకా ఏదో విధంగా వస్తున్నారు. ఇంటర్‌లో చేరే రోజున సాయం చేసే పెద్దమనుషులు కూడా దొరుకుతున్నారు. చదువు తెగిపోతున్నది ఆ తరువాత. రెండో ఏడు పుస్తకాలకు, బస్సు చార్జీలకు, పరీక్ష ఫీజుకు ఇంట్లో చేయి ఆడనప్పుడు అబ్బాయి మెకానిక్ షెడ్డుకు పోతాడు, అమ్మాయి కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉన్నది కదా అంటే, అది చేతికి వచ్చేలోగా గడవవలసిన రోజులు కూడా ఉన్నాయి. కాబట్టి మొదటి సంవత్సరం ఇచ్చే సాయం ఒక ఎత్తు, చివరి పరీక్ష దాకా ఇచ్చే సాయం ఒక ఎత్తు. ఈ రెండోది ఎవరు, ఏ పద్ధతిలో చేయగలిగినారో చూద్దాం.

వర్తక సంఘాలు చదువుకు డబ్బు పెట్టడం ఈనాటి సంగతి కాదు. లండన్ నగరంలో దర్జీలకు, బట్టల వర్తకులకు, కంసాలులకు, తోళ్ల వర్తకులకు ఎవరి సంఘం వారికి మధ్యయుగాల నుంచి ఉన్నది. దర్జీల సంఘమైన మర్చంట్ టేలర్స్ కంపెనీ 1561లో ఒక పాఠశాల పెట్టింది. దానికి ఆరేండ్ల ముందే, 1555లో, అదే సంఘానికి చెందిన సర్ థామస్ వైట్ అనే వర్తకుడు ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీ స్థాపించి ఉన్నాడు. తరువాత ఆ కాలేజీలో ఈ పాఠశాల పిల్లలకని కొన్ని స్థానాలు ప్రత్యేకించినారు. ఇంగ్లీషు కవులలో పేరు మోసిన ఎడ్మండ్ స్పెన్సర్ ఈ బడిలో పేద విద్యార్థిగా చదివి, 1569లో కేంబ్రిడ్జి చేరినాడు. 1878లో లండన్ నగర పాలక సంస్థ, 16 వృత్తి సంఘాలు కలిసి సిటీ అండ్ గిల్డ్స్ అనే సంస్థను పెట్టి సాంకేతిక విద్యకు దారి వేసినాయి. వాళ్లకు డబ్బు ఎక్కువ, ఏమైనా చేస్తారు అని మనం అనుకోవచ్చు. అందుకే ఇక మన దక్షిణ దేశానికి వస్తాను.

తమిళనాడులో నాడార్లు అనే సమాజం ఉన్నది. పందొమ్మిదో శతాబ్దంలో వాళ్లలో చాలామందికి తాటిచెట్టు ఎక్కి కల్లు గీయడమే జీవనం. గుడిలోకి రానిచ్చేవారు కాదు. తిరువాన్కూరులో వాళ్ల స్త్రీలు రవిక తొడుక్కునే హక్కు కోసం ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. వాళ్లలో కొందరు బెల్లం, ప్రత్తి, పొగాకు బండ్లమీద వేసుకొని రామనాథపురం ప్రాంతానికి వచ్చి శివకాశి, విరుదునగర్, అరుప్పుకోట వంటి ఊర్లలో వ్యాపారం పెట్టినారు. దారి దోపిడీలకు భయపడి, బండ్లు నిలుపుకోవడానికి, సరుకు దించుకోవడానికి ప్రహరీ గోడలున్న పేటలు కట్టుకున్నారు. ఆ పేటల ఖర్చు కోసం ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కొన్న సరుకుమీద, అమ్మిన సరుకుమీద మూటకు ఇంత అని ప్రతి వర్తకుడూ సంఘానికి చెల్లించాలి. దాని పేరు మగమై. లెక్క చూసేది ఊరి పెద్దల కూటమి, దానిని వాళ్లు ఉరవిన్‌మురై అంటారు.

మొదట ఈ డబ్బు బావులకు, సత్రాలకు, పేటలకు పోయేది. 1880ల దశకంలో విరుదునగర్ పెద్దలు అదే డబ్బుతో క్షత్రియ విద్యాశాల అనే బడి పెట్టినారు. మగమై చాలక పోతే ఇంటింటి నుంచి పిడికెడు బియ్యం పోగు చేసినారు. ఇల్లాలు అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టేది. వాటిని కూడబెట్టి అమ్మి బడికి ఇచ్చేవారు. అంటే దుకాణం లేని ఇల్లు కూడా ఆ బడికి చందాదారే అన్నమాట. 1899లో శివకాశిలో వాళ్ల ఇండ్లు, దుకాణాలు తగలబడినాయి. కముది గుడి ప్రవేశం కేసు ప్రివీ కౌన్సిల్ దాకా పోయి 1908లో ఓడిపోయినారు. అయినా పిల్లల చదువుకు చెల్లించే మగమైని మాత్రం మానలేదు.

ఆ బడిలో చదివిన ఒక పిల్లవాని సంగతి చెప్పవలసి ఉన్నది. ఆయనే కె. కామరాజ్. చిన్ననాడే తండ్రి పోయినాడు. తల్లి నగలు అమ్మి ఇల్లు నడిపింది. బడిలో ఫీజు లేదు. అయినా కామరాజ్ ఆరో తరగతి దగ్గరే చదువు వదిలి మేనమామ బట్టల దుకాణంలో చేరవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన 1954 నుంచి 1963 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండి, బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించినాడు. ఆ పని వెనుక ఆయన సొంత బాల్యం లేదని ఎవరంటారు? నన్నడిగితే ఫీజు మాఫీ సగం సాయమే. కుర్రవాడు చదువుతున్నంతకాలం ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది అన్నది మిగతా సగం.

1910లో నాడార్ మహాజన సంఘం ఏర్పడింది. పొరయారుకు చెందిన టి. రత్నస్వామి నాడార్ దీనికి ముందు నిలిచినాడు. ఊరూరి ఉరవిన్‌మురైలు వేటికవే చేస్తున్న పనిని ఈ సంఘం కలిపింది. పై చదువులకు పోయే పేద విద్యార్థులకు సంఘం ఇచ్చిన సాయంలో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. దానిని దానంగా గాక అప్పుగా ఇచ్చినారు. చదువు అయి ఉద్యోగంలో కుదురుకున్నాక తిరిగి కట్టాలి. ఆ డబ్బుతో ఇంకొకడు చదువుతాడు. 1921లో తూత్తుకుడిలో నాడార్ బ్యాంకు పెట్టినారు. ఇప్పుడు తమిళనాడ్ మర్కంటైల్ బ్యాంకు అంటున్నది దానినే. 1947లో విరుదునగర్‌లో సెంతికుమార నాడార్ కాలేజీ వెలసింది. తాటిచెట్టు నుంచి కాలేజీ దాకా రావడానికి వాళ్లకు ఏ జమీందారూ నిచ్చెన వేయలేదు, మూటమూటకూ తీసిన మగమై వేసింది.

ఇక మనవాళ్ల సంగతి. ఒకప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఆంబూరు, వాణియంబాడి, మేల్విషారం ఊర్లు తోళ్ల పదునుకు ప్రసిద్ధి. ఇక్కడి ముస్లిం వర్తకులు తోళ్ల వ్యాపారంలో సంపాదించి విద్యాసంఘాలు పెట్టుకున్నారు. వాణియంబాడి ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ 1919లోనే ఇస్లామియా కాలేజీ పెట్టింది. మద్రాసులో దక్షిణ భారత ముస్లిం విద్యాసంఘం 1951లో న్యూ కాలేజీ తెరిచింది. అదే ఏడు తిరుచిరాపల్లిలో జమాల్ ముహమ్మద్ కాలేజీ వచ్చింది. ఈ జమాల్ ముహమ్మద్ సాహెబ్ మద్రాసు తోళ్ల వర్తకులే. 1929 జనవరిలో అల్లామా ఇక్బాల్ మద్రాసు వచ్చి ఉపన్యాసాలు ఇచ్చినది ఆయన ఆదరణతోనే. ఉర్దూ చదువుకున్న మనందరికీ ఆ ఉపన్యాసాల పేరు తెలుసు, ఖర్చు పెట్టినవారి పేరు తెలిసినవాళ్లు తక్కువ.

మేల్విషారం సి. అబ్దుల్ హకీం సాహెబ్ సంగతి చూడండి. 1863లో పుట్టినారు, తోళ్ల వ్యాపారంలో పైకి వచ్చినారు, విద్యకు ఉదారంగా ఇచ్చినారు, 1938లో కాలం చేసినారు. ఆయన పేరుమీద మేల్విషారంలో కాలేజీ వచ్చింది 1965లో, అంటే ఆయన పోయిన 27 ఏండ్లకు. దాత పోయినా ఊరి విద్యాసంఘం పోలేదు, కాబట్టే అది సాధ్యమైంది. మన కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ 1947లో ఉస్మానియా కాలేజీ నిలబెట్టినారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సహాయం అందులో ఉన్నది. మనకు కాలేజీ కట్టి ఇచ్చిన పెద్దలు ఉన్నారు. అందులో చేరిన పిల్లవాడు మూడేండ్లూ నిలిచేటట్లు చూడవలసిన పని మనది.

చరిత్ర అంటే మంచి ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. మన మార్కెట్లలో కూడా ధర్మం అని, ధర్మాదా అని తీసే ఆచారం పాతదే. రైతు తెచ్చిన సరుకులో ధర్మం పేరుతో కోత పెట్టి, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పని వ్యాపారులూ ఉండేవారు. 1928లో వచ్చిన వ్యవసాయ రాయల్ కమిషన్ నివేదిక మార్కెట్లలో ఇటువంటి కోతలను తప్పు పట్టింది. మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం తేవడానికి అక్రమ కోతలను అరికట్టడం కూడా ఒక కారణం. ఇంకొక పక్క, హత్రాస్‌లోని ఒక ప్రత్తి మిల్లు కేసులో 1979లో సుప్రీంకోర్టు వేరే మాట చెప్పింది. ధర్మకార్యానికే అని చెప్పి బిల్లులో విడిగా వసూలు చేసిన ధర్మాదా ఆ వర్తకుని ఆదాయం కాదు అన్నది. అంటే దాని మీద అతనికి హక్కు లేదు, అది అతని దగ్గర అమానతు. రైతు గోనెలో నుంచి కాకుండా వర్తకుడు తన లాభంలో నుంచి తీయాలి, తీసినది లెక్కలో చూపాలి. ఈ రెండూ లేని నిధి ఎక్కువ కాలం నిలవదు.

ఇదే పద్ధతి చట్టంగా మారిన సందర్భమూ ఉన్నది. 1976లో కేంద్ర ప్రభుత్వం బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం, సెస్సు చట్టం చేసింది. తయారైన బీడీల మీద సెస్సు వేసి, ఆ నిధి నుంచి కార్మికుల పిల్లలకు బడి నుంచి కాలేజీ దాకా విద్యార్థి వేతనాలు ఇచ్చినారు. తెలంగాణలో నిజామాబాదు, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే తల్లులు వేలల్లో ఉన్నారు, వాళ్లలో మన సోదరీమణులూ ఎందరో. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు పోయింది, పథకం ప్రభుత్వ బడ్జెట్టు మీద ఆధారపడింది. సరుకుతో ముడిపడి ఉన్నన్నాళ్లు నిధికి తన సొంత ఊట ఉండేది. ముడి తెగినాక ప్రతి ఏడూ ఇంకొకరి చేతివైపు చూడవలసిందే.

ఇన్ని ఊర్లు తిరిగి నేను చెప్పదలచినది ఒక్కటే. రంజాన్ నెలలో మనం ఇచ్చేది పుణ్యం, దానిని ఎవరూ తక్కువ చేయరు. కాని కాలేజీ పన్నెండు నెలలూ ఉంటుంది. ఏడాదికి ఒకసారి వచ్చే సాయం మీద మూడేండ్ల చదువు నిలవదు. వ్యాపారం రోజూ జరుగుతుంది గనుక నిధి కూడా రోజూ ఊరాలి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మన సభ్యులలో కిరాణా, బట్టలు, చెప్పులు, మాంసం, ఉల్లిగడ్డలు, స్పేర్ పార్ట్స్ వ్యాపారాలు చేసేవాళ్లున్నారు. నలభై దుకాణాలు రోజుకు పది రూపాయలు డబ్బాలో వేస్తాయి అనుకుందాం. రోజుకు 400, సంవత్సరానికి 1,46,000 రూపాయలు. ఒక విద్యార్థికి పుస్తకాలకు, ప్రయాణానికి, పరీక్షలకు సంవత్సరానికి 12,000 అనుకుంటే పన్నెండు మందికి సరిపోతుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. మొదటి ఏడే పన్నెండు మందిని తీసుకుంటే, మరుసటి ఏడు కొత్తవాళ్లకు చోటుండదు. చోటు చేయాలంటే పాతవాళ్లను మధ్యలో దించవలసి వస్తుంది. ఏడాదికి నలుగురిని మాత్రమే తీసుకుంటే, మూడో ఏడు వచ్చేసరికి పన్నెండు మంది నిండుతారు. అప్పటి నుంచి నలుగురు పట్టా తీసుకొని బయటికి పోతుంటే నలుగురు లోపలికి వస్తుంటారు. మొదటి రెండేండ్లలో మిగిలినది వ్యాపారం మందగించిన రోజులకు నిలువ ఉంటుంది. తక్కువమందిని తీసుకున్నారని మాట పడవలసి వస్తుంది, పడదాం. పది మందిని చేర్పించి మధ్యలో వదిలేయడం కంటే నలుగురిని గట్టుకు చేర్చడం మేలు.

ఇచ్చేటప్పుడు ఖర్జె హసనాగా ఇద్దాం. వడ్డీ లేదు, పత్రం మీద తొందర లేదు, ఉద్యోగం వచ్చినాక వీలునుబట్టి కట్టాలి. ఆ నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలు ఉండాలని నా కోరిక. తిరిగి కట్టలేనివాళ్లు ఒక సెలవుల్లో మన పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పినా బాకీ తీరినట్టే లెక్క వేయవచ్చు. ప్రతి సంవత్సరం ఈ సంచిక చివరి పేజీలో ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు ఏ తరగతిలో ఉన్నారు అన్నది అచ్చు వేద్దాం. పిల్లల పేర్లు వద్దు, సంఖ్యలు చాలు. పేదరికం అచ్చులో చూసుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

సర్వసభ్య సమావేశంలో ఈ విషయం పెట్టమని కార్యదర్శి గారిని అడిగి ఉన్నాను. దుకాణం ఉన్న సోదరులు ఆ రోజు తప్పక రావాలి. దుకాణం లేని ఇండ్ల నుంచి అమ్మలు, అక్కలు కూడా రావాలి, గుప్పెడు బియ్యం లెక్క వాళ్లకే బాగా తెలుసు. జూన్‌లో కాలేజీలు తెరిచేలోగా మొదటి నలుగురి పేర్లు నిర్ణయం కావాలి.