కట్టు కట్టే చేతులు

ఆర్థోపెడిక్స్ అనగానే నేడు మనకు తుంటి మార్పిడులూ స్టీలు ప్లేట్లూ స్ఫురిస్తాయి. ఆ మాట పుట్టింది మాత్రం పిల్లల కోసం. 1741లో పారిస్ వైద్యుడు నికొలా ఆంద్రీ ‘తిన్నని’, ‘బిడ్డ’ అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను కలిపి తన గ్రంథానికి ఆ పేరు పెట్టాడు. అందులోని ఉపాయాలు తల్లిదండ్రులు సైతం ఆచరించదగినవని చెప్పుకున్నాడు. కాలక్రమంలో ఆ విద్య ఇంటి నుండి ఆపరేషన్ గదికి తరలిపోయింది. దానిని తిరిగి ఇంటి దాకా తెచ్చిన పుస్తకం ఒకటుంది. అది ఇగ్నాసియో పొన్సెటి 1996లో వెలువరించిన ‘కంజెనిటల్ క్లబ్‌ఫుట్’.

సుమారు వెయ్యి మంది శిశువులలో ఒకరు పాదం లోపలికీ కిందికీ మెలి తిరిగి పుడతారు. పొన్సెటి 1914లో స్పెయిన్‌కు చెందిన మినోర్కా ద్వీపంలో జన్మించాడు. అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన క్షతగాత్రులకు చికిత్స చేశాడు. ఓటమి తర్వాత ఫ్రాన్సుకూ, అక్కడి నుండి మెక్సికోకూ, 1941లో అమెరికాలోని అయోవాకూ చేరాడు. చిన్నతనంలో శస్త్రచికిత్స పొందినవారి పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పి పెట్టడం అక్కడ గమనించాడు. శిశువు కీళ్ళ చుట్టూ ఉండే కణజాలం సాగుతుంది. పాదాన్ని సరైన క్రమంలో వేళ్ళతో కొద్దికొద్దిగా తిప్పి, వారం వారం పిండికట్టు వేస్తే వంకర తీరుతుందని నిరూపించాడు. అయిదారు కట్లు, చాలామందికి మడమ స్నాయువుపై ఒక చిన్న కోత, ఆపైన బూట్లకు అడ్డకడ్డీ బిగించిన బ్రేసు: చికిత్స ఇంతే. 1963లో ఫలితాలు ప్రకటించినా, మూడు దశాబ్దాలకు పైగా అత్యధిక శస్త్రవైద్యులు కత్తినే నమ్ముకున్నారు. ఇంటర్నెట్ వచ్చాక ఈ పద్ధతిని వెతికి పట్టుకుని ప్రచారం చేసినవారు తల్లిదండ్రులే.

చికిత్స వేళ్ళ నేర్పుపై ఆధారపడినప్పుడు ఆ వేళ్ళు ఎవరివైనా కావచ్చు గదా! ఈ ప్రశ్నకు జవాబు వేరొక చోట సిద్ధమవుతూ ఉంది. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో ఫిజీషియన్ అసిస్టెంట్ శిక్షణ ఆరంభించాడు. 1967లో ముగ్గురు ఉత్తీర్ణులయ్యారు. నేడు అమెరికాలో పిల్లల ఎముకల క్లినిక్కులు పలుచోట్ల వీరి సేవపై నడుస్తున్నాయి. శస్త్రవైద్యులు అతి తక్కువగా ఉన్న మలావీలో పొన్సెటి కట్లు వేసింది డాక్టరు పట్టా లేని ఆర్థోపెడిక్ క్లినికల్ ఆఫీసర్లు.

“పెద్ద డాక్టరు గారే చూడాలి” అని పట్టుబట్టడం మనవారికి అలవాటు. కాని ఈ చికిత్సలో అసలు పరీక్ష కట్లు విప్పాక మొదలవుతుంది. తొలి మూడు నెలలు దాదాపు రాత్రింబగళ్ళు, తర్వాత నాలుగేళ్ళ వయసు దాకా నిద్రవేళల్లో బ్రేసు తొడగాలి. మానేస్తే వంకర తిరగబెడుతుంది. బిడ్డ ఏడుస్తుంటే తల్లి చేయి పట్టీ సడలించబోతుంది. ఎందుకు సడలించరాదో ఓపికగా, ఎన్నిసార్లయినా చెప్పే మనిషి అప్పుడు కావాలి. ఆ మనిషి తరచుగా అసిస్టెంటే. రోజూ పట్టీ బిగించేది మాత్రం, ఆంద్రీ కోరుకున్నట్లే, కన్నవారు.