పుస్తకం పక్కన పడక

నాగావి శాసనం గురించి మొదటిసారి చదివినప్పుడు నా చూపు ఆరుగురి దగ్గర ఆగిపోయింది. వాళ్లను ‘సరస్వతీ భాండారికులు’ అన్నారు. అంటే గ్రంథాలయాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లు. కల్యాణి చాళుక్య సోమేశ్వరుడి దండనాయకుడు మధుసూదనుడు నాగావిలో ఘటికాస్థానం అనే విద్యాలయం నెలకొల్పి, వేదం చదివే 200 మందికి, శాస్త్రం చదివే 52 మందికి తిండీ బసా ఏర్పాటు చేశాడు. గురువులతో పాటు ఈ ఆరుగురికీ జీవనం కల్పించాడు. అది 1058.

నాగావి ఇప్పుడు కలబురగి జిల్లాలో ఉంది. 1948 దాకా అదీ, మా జుక్కల్ కూడా నిజాం రాజ్యంలోవే. జుక్కల్ సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వింటూ పెరిగినవాణ్ని కనుక, కన్నడ శాసనమైనా అది మా పక్కింటి ముచ్చటలాగే అనిపించింది.

తర్వాతి ఏడు వందల ఏళ్లలో అగ్రహారాలు, మఠాలు, సంస్థానాలు చదివేవాళ్లకు తిండీ బసా చూసే ఈ పని చేస్తూ వచ్చాయి. ఆ తర్వాత కడపలో ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ తన బంగళాలోనే పండితులను కూర్చోబెట్టాడు. జూలూరి అప్పయ్య వంటి వారికి సొంత జీతంలోంచి జీతాలిచ్చి, తాళపత్రాలు తెప్పించి, ప్రతి పక్కన ప్రతి పెట్టి సరిచూయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయం దాన్ని చూసుకుంటోంది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం 1932 నాటి సంగతి. పుణేలోని భండార్కర్ సంస్థ అప్పటికే మహాభారతానికి శుద్ధప్రతి తయారుచేస్తోంది. సంపాదకుడు విష్ణు సీతారామ్ సూక్తంకర్. పని కొండంత, పైసలు చారెడు. సాయం అడిగితే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏటా 1000 రూపాయల చొప్పున 11 ఏళ్లు ఇస్తానన్నాడు. అక్కడితో ఆగలేదు. పండితులు వచ్చి ఉండడానికి అతిథి గృహం కట్టుకొమ్మని మరో 50,000 ఇచ్చాడు. లెక్క చూడండి: పుస్తకానికి మొత్తం 11,000, పుస్తకం చూడవచ్చిన మనిషి తల మీద కప్పుకు 50,000! ఆ లెక్క నాకు ఎంతో నచ్చింది.

అక్కడి పని ఎట్లా సాగేదో తెలిస్తే ఆ కప్పు విలువ తెలుస్తుంది. ఒక్కో శ్లోకానికి ఒక్కో పెద్ద కాగితం. కాగితమంతా గళ్లు. పై వరుసలో గడికో అక్షరం చొప్పున శ్లోకం రాస్తారు. కింద ఒక్కో రాతప్రతికీ ఒక్కో వరుస. పాఠం తేడా ఉన్నచోటే అక్షరం పడుతుంది, కలిస్తే గడి ఖాళీ. శారద, బెంగాలీ, మలయాళం, గ్రంథలిపి ప్రతుల సరసన మన తెలుగు లిపి ప్రతులూ ఉన్నాయి. ఒక్క ఆదిపర్వానికే 60 ప్రతులు చూశారు. రైలు టైము చూసుకుంటూ చేసే పని కాదది. 1943లో సూక్తంకర్ పోయారు. పని మాత్రం ఆగక 1966 దాకా నడిచింది. నిజాం గెస్ట్ హౌస్ ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

ఇప్పుడు ఫెలోషిప్పులున్నాయి, దరఖాస్తులున్నాయి. కానీ పల్లె నుంచి వచ్చి నాలుగు రోజులు కాగితాలు చూసుకుంటానంటే, ఇదిగో గది, ఇదిగో భోజనం అనే గ్రంథాలయం నాకు తారసపడలేదు. పోగొట్టుకున్నవాటిలో ఇదే నాకు ఎక్కువ బాధ.

మా మండలంలోని కౌలాస్ కోటను ఏలిన రాజా దీప్‌సింగ్ 1857 తిరుగుబాటులో నిలిచాడు. ఆయన జాడ కోసం ఒకసారి పట్నంలో ఒక గ్రంథాలయానికి పోయాను. మధ్యాహ్నానికి కట్ట దొరికింది. సాయంత్రం ఐదు కొట్టగానే తీసుకుపోయారు. అప్పటికి సగం పేజీ ఎత్తి రాసుకున్నాను. లాడ్జికి పైసలు చాలవు. ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద సంచి తలకింద పెట్టుకుని, చదివిన వాక్యాలే మననం చేసుకుంటూ పడుకున్నాను. ఇంటి దగ్గర కోత పని ఉండి, తెల్లారి మొదటి బస్సెక్కాను. ఆ సగం పేజీ ఇంకా నా దగ్గరే ఉంది, ఒక మాట నడుమ ఆగిపోయి.