చెక్కని స్వరం

కర్ణాటక సంగీతాన్ని కాగితం మీద పట్టలేమనే మాటకు గట్టి జవాబు తిరుమలలోనే ఉంది. అన్నమయ్య (1408–1503) కీర్తనలను ఆయన వంశీకులైన తాళ్లపాకవారు వేలకొద్దీ రాగిరేకుల మీద చెక్కించారు. సాహిత్యానికి పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. రేకులు ఆలయంలోని సంకీర్తన భాండారంలో పదిలంగా ఉండిపోయినా పాడే పరంపర తెగింది. అందుకే 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కొత్తగా బాణీలు కట్టాల్సి వచ్చింది. ఈనాడు మనం వింటున్న అన్నమయ్య చాలావరకు ఆ బాణీలే. నగరికి దగ్గర్లోని కార్వేటినగరం సారంగపాణి పదాలు నోటిమీదుగానే బతికాయి కదా అనవచ్చు. నిజమే, పాడేవాళ్లు, ఆడేవాళ్లు వరస తప్పకుండా ఉన్నంతకాలం నోరు చాలు. వరస తెగినచోట రాగం పేరొక్కటీ ఏం చేస్తుంది?

ఆ లోటును తెలుగు అచ్చు తీర్చింది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాక్షరాలతోపాటు గమకాలకూ ప్రత్యేక చిహ్నాలున్నాయి. తమిళనాట, తెలుగు లిపిలో, సీసపు అచ్చుతో ఇంత పని! గమకం గురుముఖతః రావాల్సిందేనని పెద్దలంటారు. ఒప్పుకోవాలి, కానీ చిహ్నం ఉంటే గురువు సరిచూసుకోవడానికి ఆధారం ఉంటుంది. అయితే ఈనాటి మామూలు తెలుగు ఫాంట్లలో ఆ చిహ్నాలు లేవు. కంప్యూటర్‌లో స్వరాలు కూర్చేవారు చాలామంది గమకాన్ని వదిలేస్తున్నారు. ఫాంట్లు తయారుచేసేవారు ముందుగా దీక్షితుల చిహ్నాల పట్టిక తెరవాలి.