పక్క రాష్ట్రం రోగికి సర్కారు ఆసుపత్రిలో హక్కు ఉంటుందా?

తూర్పు ఢిల్లీలోని గురు తేగ్ బహదూర్ ఆసుపత్రి ఢిల్లీ ప్రభుత్వానిది. ఉత్తరప్రదేశ్ సరిహద్దు అక్కడికి చాలా దగ్గర. ఘాజియాబాద్ వైపు నుంచి వచ్చే పేద రోగులకు అందుబాటులో ఉండే పెద్దాసుపత్రి అదే. 2018 అక్టోబరు 1 నుంచి ఢిల్లీ ప్రభుత్వం అక్కడ ప్రయోగాత్మకంగా ఒక నిబంధన పెట్టింది. 80 శాతం పడకలు ఢిల్లీవాసులకే. 17 ఓపీ కౌంటర్లలో 13 వారికే. ఉచిత మందులు, పరీక్షలు కూడా వారికే. ఢిల్లీవాసినని రుజువు చేసుకోవాలంటే ఓటరు కార్డు చూపాలి. అత్యవసర చికిత్స మాత్రం అందరికీ ఇస్తామన్నారు.

రెండు వారాలు తిరగకముందే, అక్టోబరు 12న, ఢిల్లీ హైకోర్టు దీన్ని కొట్టేసింది. సమానత్వానికి హామీ ఇచ్చే 14వ అధికరణకు, జీవించే హక్కుకు సంబంధించిన 21వ అధికరణకు ఇది విరుద్ధమని చెప్పింది.

అయినా వాదన అక్కడితో ఆగలేదు. కరోనా తొలి దశలో, 2020 జూన్ 7న, రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో, చాలా వరకు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా పడకలు ఢిల్లీవాసులకే అని కేజ్రీవాల్ ప్రభుత్వం ప్రకటించింది. మర్నాడే లెఫ్టినెంట్ గవర్నర్ అనిల్ బైజల్ ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టారు.

తెలుగువారికి ఇది 2021 మేలో అనుభవంలోకి వచ్చింది. రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపారు. ఆసుపత్రిలో పడక ఖరారై, కంట్రోల్ రూమ్ అనుమతి ఉంటేనే పంపుతామని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మే 14న తెలంగాణ హైకోర్టు దాని అమలును నిలిపేసింది. అప్పటికి హైదరాబాద్ చట్టం ప్రకారం రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని.

పన్ను ఎవరిది?

ఇలాంటి ఆంక్షలు పెట్టే ప్రభుత్వాల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. రాజ్యాంగంలో ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఖర్చు రాష్ట్ర ఖజానాది, ఓటు వేసేది రాష్ట్ర ప్రజలు. ఒక రాష్ట్రం ఆసుపత్రులు కట్టుకుంటే, కట్టని రాష్ట్రం భారం కూడా దాని మీదే పడుతుంది. వరుసలో నిలబడే స్థానికుడికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం కూడా ప్రాణం మీదికే రావచ్చు.

కానీ ఈ లెక్కలో మూడు లోపాలున్నాయి. మొదటిది, పన్ను కట్టేది చిరునామా ఉన్నవాళ్లే కాదు. పక్క ఊరి నుంచి రోజూ వచ్చి ఢిల్లీలో ఇటుకలు మోసే కూలీ అక్కడ కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను కడుతూనే ఉంటాడు. రెండోది, ఓటరు కార్డు వేరు చేసేది స్థానికుణ్ని, స్థానికేతరుణ్ని కాదు. కాగితం ఉన్నవాణ్ని, లేనివాణ్ని. పదేళ్లుగా ఢిల్లీలోనే అద్దెకుంటూ ఓటు మాత్రం సొంతూళ్లో ఉన్న కుటుంబం ‘బయటివాళ్ల’ లెక్కలోకి వెళ్లిపోతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆసుపత్రి కట్టని తప్పు పక్క ప్రభుత్వానిది, శిక్ష మాత్రం రోగికి.

అత్యవసరమైతే చూస్తాం కదా అనే సమాధానం సగమే సరిపోతుంది. ఆ బాధ్యత ఎటూ తప్పించుకోలేనిదే. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని కోల్‌కతాలో ప్రభుత్వ ఆసుపత్రులు వరసగా పడకల్లేవని తిప్పి పంపిన కేసులో, 1996లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. డబ్బు లేదన్నది సాకు కాదని చెప్పి 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. అయితే క్యాన్సర్, కిడ్నీ జబ్బు మొదట్లో అత్యవసరంగా కనిపించవు. అవి అత్యవసరమయ్యే దాకా ఆగమనడం వైద్యం కాదు.

రోగి వెంట డబ్బు

పంచాయితీ ప్రభుత్వాల మధ్యది అయినప్పుడు లెక్క తేల్చుకోవాల్సిందీ ప్రభుత్వాలే. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ ఈ దారిలోనే ఉంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స, ఏ రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరినా బిల్లు రోగి సొంత రాష్ట్రం పథకం నుంచే. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని ఎంపిక చేసిన ఆసుపత్రులకూ ఆరోగ్యశ్రీని విస్తరించింది. విభజనతో చాలా పెద్దాసుపత్రులు అవతల ఉండిపోయిన రాష్ట్రానికి అది దయ కాదు, అవసరం.

ఈ ఏర్పాటుకు పెద్ద కంత ఉంది. ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చునే భరిస్తుంది. చేరే ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజులు కలుపుతుంది, అంతే. ఓపీ చీటీ, నెలనెలా వాడే బీపీ, షుగర్ మాత్రలు అందులోకి రావు. ఢిల్లీ నిబంధనలో కౌంటర్లు విడదీసిందీ, ఉచిత మందులు ఆపిందీ సరిగ్గా ఇక్కడే. ఓపీ ఖర్చును రాష్ట్రాలు ఒకదానికొకటి చెల్లించుకునే పద్ధతి ఏదీ ఈ పథకంలో లేదు.