బల్ల ఆడదా, మగదా?



మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1920లో ఫ్రెంచి నేర్చుకోవడానికి పారిస్ వెళ్లారు. ఆ భాష మొదలుపెట్టిన ఎవరికైనా ముందుగా వచ్చే సందేహం ఒకటే: బల్ల స్త్రీలింగమేమిటి, పుస్తకం పుంలింగమేమిటి? జవాబు బల్లలో లేదండీ, చరిత్రలో ఉంది. లాటిన్‌లో ఆ మాటలకున్న లింగమే ఫ్రెంచికి వారసత్వంగా వచ్చింది. నపుంసక పదాలు మాత్రం చాలామటుకు పుంలింగంలో కలిసిపోయాయి.

రెండో సందేహం మనకు కాస్త గుచ్చుకుంటుంది. నూరుమంది ఆడవాళ్లలో ఒక్క మగవాడున్నా ఆ గుంపంతా పుంలింగమే! పుంలింగం గొప్పది గనుక దానిదే పైచేయి అని వోజలా అనే పండితుడు 1647లో రాశాడు. 1635లో ఏర్పడిన ఫ్రెంచి అకాడమీ మొదటిసారి ఒక స్త్రీని, మార్గరీత్ యూర్సనార్‌ను, ఎన్నుకున్నది 1980లో. ఉద్యోగాల పేర్లకు స్త్రీలింగ రూపాలను ఒప్పుకున్నది 2019లో.

నవ్వకండి, మన సంగతీ చూద్దాం. పుంగనూరు ఆవు ‘వచ్చింది’. కొత్త కోడలూ ‘వచ్చింది’. కొడుకు మాత్రం ‘వచ్చాడు’! మూడు భాషలు కలిసే కుప్పంలో తమిళం, కన్నడం విని చూడండి. వాటిలో ఆడమనిషి వస్తే ఒక క్రియ, ఆవు వస్తే వేరొకటి.

అయితే బహువచనంలో మనదే మేలు. ఆవులు ‘వచ్చాయి’, ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా ‘వచ్చారు’. గుంపులో మగవాడున్నాడా అని తెలుగు అడగదు.

మీ పిల్లలు ఫ్రెంచి పాఠం పట్టుకొచ్చి ‘ఎందుకమ్మా?’ అంటే, ‘అదంతే’ అని కసరకండి. మన వాక్యాన్ని పక్కన పెట్టి చూపండి. ఆ ప్రశ్న వ్యాకరణంతో ఆగదని వాళ్లకే తెలుస్తుంది.