ఫ్లోరోసిస్: నీటి రసాయనం, వ్యాధి పరిశోధన చరిత్ర

తాగే నీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించినప్పుడు ఏళ్ల తరబడి పళ్లలో, ఎముకల్లో అది పేరుకుపోయి వచ్చే వ్యాధి ఫ్లోరోసిస్. చిన్నతనంలో మొదట పళ్లకు గార పడుతుంది. పెద్దయ్యాక కీళ్లు బిగుసుకుంటాయి, మెడ తిరగదు, నడుము వంగిపోతుంది. ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి మనిషి మంచాన పడతాడు. ఇది అంటువ్యాధి కాదు, వంశపారంపర్యమూ కాదు. ఇంత పెద్ద ప్రజారోగ్య సమస్యను అర్థం చేసుకోవడంలో వైద్యుల కంటే భౌతిక రసాయన శాస్త్రజ్ఞులకే ఎక్కువ పాత్ర ఉందంటే అతిశయోక్తి కాదు. వైద్యులు లక్షణాలను గుర్తించారు. ఆ లక్షణాలకు, బావి నీటికి ఉన్న లంకెను మాత్రం కొలత పరికరాలే పట్టిచ్చాయి.

ఈ కథ అమెరికాలో మొదలైంది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి వెళ్లిన యువ దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడ పుట్టి పెరిగినవారి పళ్ల మీద గోధుమరంగు మరకలు చూశాడు. బయటి నుంచి పెద్దయ్యాక వచ్చి స్థిరపడినవారికి అవి లేవు. కారణం నీటిలోనే ఉందని ఆయన అనుమానించాడు, కానీ మామూలు నీటి పరీక్షల్లో ఏమీ దొరకలేదు. దంతశాస్త్రంలో ఆనాటి పెద్ద పేరు జి.వి. బ్లాక్ కూడా తోడై పరిశోధన చేసినా మూలం చిక్కలేదు.

అర్కాన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరు ఉంది. అల్యూమినియం ఖనిజం తవ్వే కంపెనీ ఊరది. అక్కడి పిల్లల పళ్లకూ ఇవే మరకలు వచ్చాయి. అల్యూమినియం పాత్రల్లో వండుకుంటే విషమవుతుందన్న ప్రచారం అప్పటికే నడుస్తోంది. ఈ నింద కూడా తమ మీదికే వస్తుందేమోనని కంపెనీ ప్రధాన రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్ ఆ నీటిని వర్ణపట పరీక్షకు పెట్టించాడు. 1931లో జవాబు దొరికింది: అల్యూమినియం కాదు, ఫ్లోరైడ్. మొదటి నమూనాలో అది పది లక్షల భాగాలకు 13.7 భాగాలు ఉంది. ఫలితం నమ్మలేక చర్చిల్ మళ్లీ నమూనా తెప్పించి పరీక్ష చేయించాడని చెబుతారు. అదే ఏడాది అరిజోనాలో మార్గరెట్ కామాక్ స్మిత్ బృందం ఎలుకల మీద, మొరాకోలో వెలూ గొర్రెల మీద వేర్వేరు దారుల్లో పరిశోధించి ఇదే నిర్ణయానికి వచ్చారు. తర్వాత ట్రెండ్లీ డీన్ ఎన్నో పట్టణాల నీళ్లను, పిల్లల పళ్లను పోల్చి చూశాడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మరకలు దాదాపు లేవు, పుచ్చులూ తగ్గాయి. 1945లో గ్రాండ్ రాపిడ్స్‌లో నీటికి ఫ్లోరైడ్ కలపడానికి ఆధారం ఇదే. అక్కడ కలపడం, మన దేశంలో తీసేయడం. అయాను మాత్రం ఒకటే.

మన దగ్గర జబ్బును ముందుగా పసిగట్టింది రైతులు. 1930ల తొలినాళ్లలో అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లో ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి కాడికి పనికిరాకుండా పోయాయని చెబుతారు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. ఇప్పటి ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. మనుషుల్లో వ్యాధిని మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి తదితరులు 1937లో వైద్య పత్రికల్లో ప్రకటించారు. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌పై వచ్చిన తొలి శాస్త్రీయ నివేదికలివి. నల్లగొండ జిల్లా పరిస్థితిని ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాయడంతో ఆ పేరు ప్రపంచ వైద్య సాహిత్యానికెక్కింది.

అసలు ఈ నేలలోనే ఎందుకన్నది ద్రావణీయతకు సంబంధించిన ప్రశ్న. నల్లగొండ, ప్రకాశం మెట్ట ప్రాంతాల కింద ఉన్న గ్రానైట్ జాతి రాళ్లలో బయోటైట్ అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాలున్నాయి. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడ్. స్వచ్ఛమైన నీటిలో అది కరిగేది చాలా తక్కువ. సంతృప్తమైనా లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మించదు. నీటిలో కాల్షియం ఎక్కువుంటే అంత కూడా కరగదు. చిక్కు వచ్చేది కాల్షియం తగ్గినప్పుడే. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన చోట భూగర్భ జలంలో బైకార్బొనేట్ పెరిగి, కాల్షియం సున్నపురాయిగా నేలలోనే దిగబడిపోతుంది. మిగిలేది సోడియం నీళ్లు. వాటిలో ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే కాల్షియం లేదు. బోరు ఎంత లోతుకు దిగితే రాతితో నీటి సావాసం అంత ఎక్కువ కాలం సాగినట్టు. ఈ నీటికి రంగు, వాసన, తేడా రుచి ఏదీ ఉండదు. కాచితే ఫ్లోరైడ్ పోకపోగా, నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది.

ఒంట్లోకి చేరాక జరిగేదీ అయాన్ల మార్పిడే. ఎముక, పంటి ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. అందులోని హైడ్రాక్సైడ్ అయాన్‌కు, ఫ్లోరైడ్‌కు ఆవేశం ఒకటే, పరిమాణమూ దాదాపు సమానం. అందుకే ఒకటి పోయిన చోట రెండోది సులువుగా ఇమిడిపోతుంది. కొత్త ఖనిజం ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. కొద్ది మోతాదులో పంటికి మేలు చేసేది ఈ గుణమే. మోతాదు మించితే ఎముక బరువెక్కుతుంది, స్నాయువులు సున్నం పట్టి గట్టిపడతాయి. ఎక్స్‌రేలో వెన్నెముక తెల్లని కడ్డీలా కనిపిస్తుంది.

1966 దాకా నీటిలో ఫ్లోరైడ్‌ను రంగు మార్పుతో అంచనా వేసేవారు. జిర్కోనియం రంగు ద్రావణాన్ని ఫ్లోరైడ్ వెలిసిపోయేలా చేస్తుంది. కానీ నీటిలో సల్ఫేట్, ఫాస్ఫేట్, అల్యూమినియం ఉంటే లెక్క తప్పేది. ఆ ఏడాది మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో ఒక ఎలక్ట్రోడ్ తయారు చేశారు. ఆ స్ఫటికం గుండా కదిలేవి ఫ్లోరైడ్ అయాన్లు మాత్రమే. గాఢత పదిరెట్లు మారితే వోల్టేజి 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు మారుతుంది; నెర్న్‌స్ట్ సమీకరణం చెప్పేదీ అదే. నమూనాలో ముందుగా ఒక బఫర్ కలపాలి. లేకపోతే అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని ఎలక్ట్రోడ్ కంటపడనివ్వదు.

కొలతకు అడ్డం వచ్చే ఈ ఆకర్షణే శుద్ధికి ఆయుధమైంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలుపుతారు. మొదట గబగబా, తర్వాత పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా. అల్యూమినియం హైడ్రాక్సైడ్ దూదిపింజల్లా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంటా రెండు గంటలాగి పైనీటిని వంచుకోవాలి. 40 లీటర్ల బకెట్‌కు కుళాయి బిగించి ఇంట్లోనూ చేసుకోవచ్చు.

చెప్పుకోవడానికి ఇంత తేలికైన పద్ధతి ఊళ్లలో ఎందుకు నిలవలేదంటే, కారణాలు రసాయనంలోనే ఉన్నాయి. బురద నీరు తేరడానికి చిటికెడు పటిక చాలు. ఫ్లోరైడ్ తీయాలంటే లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు కావాలి. ఆ మోతాదు నీటి క్షారతను బట్టి బావికో తీరు మారుతుంది. తేడా వస్తే ఫ్లోరైడ్ పోదు, పైగా అల్యూమినియం నీటిలోనే మిగిలిపోతుంది. సల్ఫేట్ పెరిగి రుచి మారుతుంది. ఫ్లోరైడ్ నిండిన బురదను పారబోయడానికి సరైన చోటుండదు. రోజూ ఎవరో ఒకరు తూకం వేసి, కలిపి, కాచుకుని కూర్చోవాలి. ప్రయోగశాలలో గెలిచిన పద్ధతి, జీతమిచ్చి మనిషిని పెట్టని ఊళ్లో ఓడిపోయింది. యాక్టివేటెడ్ అల్యూమినాతో పనిచేసే వడపోత సాధనాలను క్షారంతో, ఆమ్లంతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి కాబట్టి వాటిదీ ఇంచుమించు ఇదే దారి. ఆర్.ఓ. ప్లాంట్లు నిలదొక్కుకున్నాయి గానీ అవి వదిలే నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది.

వ్యాధి తీవ్రత ఫ్లోరైడ్ ఒక్కదాని మీదే ఆధారపడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చూపింది. మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంగిపోయిన యువకుల గురించి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. కాల్షియం కొరవడిన తిండి దీన్ని ముదర పెడుతుంది. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జల మట్టం పెరిగి, జొన్నలో మాలిబ్డినం ఎక్కువై, ఒంట్లోని రాగి తగ్గిందన్న వాదన కూడా ఆ పరిశోధనల్లోంచి వచ్చిందే.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ బోరు నీళ్లకు బదులు కృష్ణా నీళ్ల కోసం జలసాధన సమితి ఎంచుకున్న నిరసన అది. బ్యాలెట్ పుస్తకమంత అయి, పోలింగే వాయిదా పడింది. శుద్ధి చేయడం కంటే నీటి వనరునే మార్చాలన్న నిర్ణయం అలా రాజకీయాల్లోకి వచ్చింది. తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ 2016లో మొదలైంది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు మిగల్లేదని 2020లో కేంద్ర జలశక్తి శాఖ ప్రకటించింది. ఇది తాగునీటి సరఫరా లెక్క. పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవారు, ఎముకల్లో ఇప్పటికే ఫ్లోరైడ్ ఉన్నవారు ఈ లెక్కలోకి రారు.

భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం. మరో వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. ఎండన పడి పనిచేసే కూలీ రోజుకు తాగే నీరు ఎక్కువ కాబట్టి, తక్కువ అంకెను పట్టుకోవడమే మన వాతావరణానికి తగినది. చింతపండు తిన్న బడి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని పోషకాహార సంస్థకు చెందిన ఖాండారే బృందం 2002లో ప్రచురించింది. వంగిన వెన్నును సరిచేసే మందు లేదు. 2008-09లో కేంద్రం ప్రారంభించిన ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం కింద జిల్లాల్లో నీటినీ మూత్రాన్నీ పరీక్షించే అయాన్ మీటర్లు, శస్త్రచికిత్సకు, పునరావాసానికి సాయం అందిస్తున్నారు.